యూకేకి ఇంటి సామాను పన్ను లేకుండా: టీఓఆర్ మినహాయింపు, డోర్ టు డోర్ మూవర్స్ సేవలపై సమీక్ష

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఉద్యోగం మీద యూకేకి కాపురం మార్చే కుటుంబాలకి రెండు సేవలతో పని పడుతుంది. ఒకటి బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ ఇచ్చే ‘ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్’ మినహాయింపు. అందరూ టీఓఆర్ అనే అంటారు. రెండోది ఇక్కడి గుమ్మం నుంచి అక్కడి గుమ్మానికి సామాను చేర్చే మూవర్స్ సేవ. మొదటిదానికి రుసుము లేదు, నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి, ఉన్నది ఉన్నట్టు రాసినవాళ్లని ఇబ్బంది పెట్టదు. డబ్బు కారిపోయేది రెండోదాంట్లో. మనవాళ్లలో ఎక్కువమంది కస్టమ్స్ గురించి నెలల తరబడి బెంగపెట్టుకుని, మూవర్స్ కొటేషన్‌ని మాత్రం ఐదు నిమిషాల్లో ఒప్పేసుకుంటారు. శ్రద్ధ పెట్టాల్సింది సరిగ్గా దీనికి తలకిందులుగా.

ముందు టీఓఆర్ విలువ ఎంతో చూద్దాం. అది లేకపోతే మీ పాత సామానుకి కూడా దిగుమతి సుంకం, దాని మీద 20 శాతం వ్యాట్ పడతాయి. ఆ వ్యాట్ వేసేది వస్తువుల విలువ మీద ఒక్కదాని మీదే కాదు, రవాణా ఖర్చు, సుంకం కూడా కలిపిన మొత్తం మీద. ఉదాహరణకి సామాను విలువ 3,000 పౌండ్లు, రవాణా 1,000 పౌండ్లు అనుకుంటే, సుంకం సంగతి పక్కన పెట్టినా వ్యాట్ ఒక్కటే 800 పౌండ్లు. టీఓఆర్ ఉంటే సుంకం, వ్యాట్ రెండూ సున్నా. ఒక అప్లికేషన్ నింపినందుకు ఇంత మిగిల్చే ప్రభుత్వ సేవలు ఎక్కువ ఉండవు. ఈ భాగానికి ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు.

అర్హత నాలుగు కొలతల మీద నిలుస్తుంది. యూకేకి మారే ముందు కనీసం 12 నెలలు వరసగా మీ నివాసం యూకే బయట ఉండాలి. పంపే వస్తువులు మారడానికి ముందు కనీసం 6 నెలలు మీ దగ్గర ఉండి, మీరు వాడినవై ఉండాలి. యూకేలో స్థిరపడిన 12 నెలల లోపు సామాను అక్కడికి చేరాలి. చేరాక 12 నెలల పాటు వాటిని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఎవరికీ అరువు ఇవ్వకూడదు, తాకట్టు పెట్టకూడదు. మీకంటే ముందే సామాను వెళ్లాలన్నా వీలుంది, కాకపోతే అది చేరిన 6 నెలల్లో మీరూ వెళ్లి నివాసం ఏర్పరచుకోవాలి.

తరచుగా పొరపాటు జరిగేది భార్యాభర్తల్లో ఒకరు ముందు వెళ్లిన ఇళ్లలో. భర్త వెళ్లి ఏడాదిన్నర అయింది, ఇప్పుడు భార్య, పిల్లలు బయల్దేరుతున్నారు, సామాను వాళ్లతో వెళ్తోంది. ఏజెంటు అలవాటుగా ఉద్యోగం ఉన్న భర్త పేరు మీద ఫారం పెట్టమంటాడు. ఆయనకి 12 నెలల గడువు ఎప్పుడో దాటిపోయింది. మినహాయింపు నివాసం మార్చుకుంటున్న మనిషికి వస్తుంది, ఇంటి యజమానికి కాదు. ఇలాంటప్పుడు ఇప్పుడు మారుతున్న భార్య పేరు మీదే అప్లై చేయాలి, షిప్‌మెంట్ కాగితాలు కూడా ఆవిడ పేరు మీదే ఉండాలి. ఫారం ఒకరి పేరు, ప్యాకింగ్ లిస్టు ఇంకొకరి పేరు అయితే అక్కడి క్లియరింగ్ ఏజెంటు దగ్గర ఫైలు ఆగుతుంది.

అప్లికేషన్ గవ్ డాట్ యూకే సైట్‌లో ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, ఇండియాలో ఉన్నట్టు చిరునామా రుజువు, యూకే చిరునామా రుజువు, సామాను జాబితా సిద్ధంగా ఉంచుకోండి. చిక్కు యూకే చిరునామా దగ్గరే వస్తుంది, ఎందుకంటే ఇల్లు అద్దెకి తీసుకునేది అక్కడ దిగాకే. అందుకే చాలామందికి పనికొచ్చే వరస ఇది: ఇక్కడ ప్యాకింగ్ అయ్యేనాటికి జాబితా సిద్ధం, దిగి రెంటల్ అగ్రిమెంటు చేతికి రాగానే అప్లికేషన్, సామాను ఓడలో ఉండగానే అనుమతి. అనుమతి వస్తే ఒక రిఫరెన్స్ నంబరు ఇస్తారు, దాన్ని యూఆర్‌ఎన్ అంటారు. మూవర్స్ తరఫు ఏజెంటు కస్టమ్స్ డిక్లరేషన్ వేసేటప్పుడు ఈ నంబరు చూపించి, నివాసం మార్పుకి ఉన్న ‘సీ01’ కోడ్ వాడతాడు. ఓడ రేవు చేరేలోపు ఆ నంబరు ఏజెంటు చేతిలో ఉండాలి. లేకపోతే సామాను గోదాములో కూర్చుంటుంది, రోజుకింతని అద్దె ఎక్కుతుంది. ఆ అద్దెకి ఏ మినహాయింపూ లేదు.

సొంత వాడకం సామానుకి ఈఓఆర్‌ఐ నంబరు, అంటే వ్యాపార దిగుమతిదారులకి కస్టమ్స్ ఇచ్చే గుర్తింపు నంబరు, అక్కర్లేదు. దాన్ని ‘ఇప్పిస్తాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇక జాబితా. ఈ మొత్తం వ్యవహారంలో మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే, దీన్నే మనవాళ్లు ప్యాకర్స్ కుర్రాళ్లకి వదిలేస్తారు. వాళ్లు పెట్టె మీద ‘మిసిలేనియస్’, ‘కిచెన్ ఐటమ్స్’ అని రాసి పోతారు. అలాంటి జాబితా చూసి కస్టమ్స్ అధికారి చేయగలిగింది ఒకటే, పెట్టె విప్పించడం. విప్పినా, ఎక్స్‌రే తీసినా ఆ ఖర్చు మీదే. ప్రతి పెట్టెకీ నంబరు వేయండి. లోపల ఏమున్నాయో వస్తువు పేరుతో, ఎన్ని ఉన్నాయో అంకెతో రాయండి. ‘7వ పెట్టె: స్టీలు గిన్నెలు 14, ఇడ్లీ పాత్ర 1, ప్రెషర్ కుక్కర్ 5 లీటర్లు 1, వాడినవి’ అన్నట్టు, ఇంగ్లీషులో. పక్కనే ఇప్పటి విలువ పౌండ్లలో వేయండి. కొన్నప్పటి ధర అక్కర్లేదు, ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందో అది. విలువలు మరీ తగ్గించి రాస్తే ఇన్సూరెన్స్ దగ్గర దెబ్బ తింటారు, ఎందుకంటే అక్కడా ఇదే జాబితా చూస్తారు.

ఆర్నెల్ల నిబంధన మీద అబద్ధం ఆడకండి, ఆడాల్సిన అవసరమూ లేదు. బయల్దేరే వారం ముందు కొన్న మిక్సీ సీలు వేసిన అట్టపెట్టెలో ఉంటే అది ‘వాడినది’ అని ఎవరూ నమ్మరు. కొత్తవి ఉంటే జాబితా చివర విడిగా ‘కొత్తవి’ అని రాసి, వాటికి మాత్రం పన్ను కట్టండి. ఒకటి రెండు వస్తువుల మీద పడే పన్ను చిన్నది. వాటిని దాస్తే మొత్తం జాబితా మీద అనుమానం వస్తుంది. మద్యం, పొగాకు ఉత్పత్తులు ఈ మినహాయింపులోకి ఎలాగూ రావు. వ్యాపారానికి వాడే సామాను, వాణిజ్య వాహనాలు కూడా అంతే.

పెళ్లయి వెళ్లే అమ్మాయిల సామానుకి ఆర్నెల్ల నిబంధన కుదరదు. సారెలో పెట్టిన వెండి కంచం, కొత్త పట్టుచీరలు, ఇత్తడి బిందె అన్నీ కొత్తవే కదా. వీటికి వేరే దారి ఉంది. పెళ్లి కారణంగా యూకేకి నివాసం మార్చుకునేవాళ్ల గృహోపకరణాలకి విడిగా మినహాయింపు ఉంది, కొత్తవైనా సరే. పెళ్లి తేదీకి రెండు నెలల ముందు నుంచి నాలుగు నెలల తర్వాత వరకు ఆ సామాను చేరాలి, పెళ్లికి రుజువు చూపాలి. కోడ్ కూడా వేరు, ‘సీ02’. బంధువులిచ్చిన పెళ్లి కానుకలకి ‘సీ03’, వాటిలో ఒక్కో కానుక విలువకి పరిమితి ఉంటుంది. వీసా ఆలస్యమై ఆ నాలుగు నెలలు దాటిపోవడం మన ఇళ్లలో మామూలే. అందుకే పెళ్లి ముహూర్తం, వీసా తేదీ, ఓడ తేదీ మూడూ ఒకే కాగితం మీద వేసుకుని చూడండి. చదువుకోవడానికి వెళ్లే పిల్లలకి కూడా బట్టలు, పుస్తకాలు, గది సామానుకి విడి మినహాయింపు ఉంది, దాని కోడ్ ‘సీ06’. అయితే రెండు పెట్టెల సామాను కోసం ఓడ ఎక్కించడం దండగ, విమానంలో అదనపు బ్యాగు కొనుక్కోవడం మేలు.

ఇప్పుడు మూవర్స్ సంగతి. ఓడలో సామానుకి డబ్బు బరువుని బట్టి పడదు, అది ఆక్రమించే చోటుని బట్టి పడుతుంది. లెక్క క్యూబిక్ మీటర్లలో ఉంటుంది, ఏజెంట్లు సీబీఎం అంటారు. ఒక సీబీఎం అంటే దాదాపు 35.3 ఘనపు అడుగులు. 18 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 24 ఎత్తు ఉన్న పెట్టె 4.5 ఘనపు అడుగులు, అంటే ఎనిమిది పెట్టెలు కలిస్తే సుమారు ఒక సీబీఎం. వంటసామాను, బట్టలు, పుస్తకాలు, పూజ సామాను కలిపి ఇరవై పెట్టెలైతే రెండున్నర సీబీఎం. ఇంత సామాను ఇతరుల సామానుతో కలిసి ఒకే కంటైనర్‌లో వెళ్తుంది, దాన్ని ఎల్‌సీఎల్ అంటారు. 20 అడుగుల కంటైనర్ లోపలి చోటు దాదాపు 33 సీబీఎం. ఇల్లంతా ఎత్తుకెళ్లేవాళ్లకి తప్ప అది వద్దు.

కొటేషన్ చేతికి వచ్చాక ఈ ప్రశ్నలు ఈమెయిల్లో అడగండి, ఫోన్లో వద్దు. మీరు చెప్పిన సీబీఎం సామానుదా, చెక్క క్రేటులోనో ప్యాలెట్ మీదో పెట్టాక అయ్యేదా? క్రేటు వేస్తే చోటు పెరుగుతుంది, తేడాకి బిల్లు వస్తుంది. కనీస పరిమాణం ఏమైనా పెట్టారా? ఒకటిన్నర సీబీఎం పంపి రెండు సీబీఎంలకి కట్టడం అప్పుడే తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, అక్కడి రేవులో పడే టెర్మినల్ హ్యాండ్లింగ్, కంటైనర్ విప్పే ఖర్చు, కస్టమ్స్ క్లియరెన్స్ ఫీజు ఈ ధరలో ఉన్నాయా? ‘డోర్ టు డోర్’ అన్న మాటకి ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్తారు. మరీ చవగ్గా కనిపించే కొటేషన్లు ఎక్కువగా ఈ ఒక్క వాక్యం మింగేసినవే. సామాను ఫెలిక్స్‌టో రేవుకో సౌతాంప్టన్ రేవుకో చేరాక అక్కడి ఏజెంటు వేరే బిల్లు పంపుతాడు, కట్టేదాకా సామాను వదలడు. బేరమాడే అవకాశం ఆ దశలో ఉండదు. ‘డెస్టినేషన్ చార్జీలు అన్నీ కలిపి, కస్టమ్స్ తనిఖీ, గోదాము అద్దె తప్ప’ అని రాతపూర్వకంగా ఇచ్చిన కంపెనీ పదివేలు ఎక్కువ చెప్పినా దానికే ఇవ్వండి.

డెలివరీ దగ్గర కూడా మెలికలున్నాయి. వీధి గుమ్మం దాకానా, లిఫ్టు లేని మూడో అంతస్తు దాకానా? మెట్లెక్కించినందుకు చార్జీ ఉందా? లండన్‌లోనూ చాలా పట్టణాల్లోనూ లారీ ఆపాలంటే కౌన్సిల్ దగ్గర పార్కింగ్ అనుమతి ముందే తీసుకోవాలి, అది తీసేది మీరా కంపెనీనా? ఖాళీ పెట్టెలు తిరిగి తీసుకెళ్తారా?

హైదరాబాద్ సామాను సనత్‌నగర్‌లో ఉన్న కంటైనర్ డిపో నుంచో, నేరుగా రోడ్డు మీదో ముంబై పక్కన నవా శేవా రేవుకో చెన్నైకో వెళ్తుంది. 2023 చివర్లో చాలా ఓడలు ఎర్ర సముద్రం దారి మానేసి ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి, దాంతో ప్రయాణం పది రోజుల నుంచి రెండు వారాలు పెరిగింది. మీ ఓడ ఏ దారిన వెళ్తుందో అడగండి. ఎల్‌సీఎల్ అయితే కంటైనర్ నిండేదాకా ఇక్కడే ఆగుతుందని కూడా గుర్తుంచుకోండి. చలికాలం బట్టలు, పిల్లల స్కూలు సర్టిఫికెట్లు, మొదటి రెండు నెలలకి సరిపడా గిన్నెలు ఓడలో వేయకండి. బంగారం సంగతి చెప్పనక్కర్లేదు, అది మీతోనే.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక్క మాట. మీరే ప్యాక్ చేసిన పెట్టెలకి చాలా పాలసీలు మొత్తం పెట్టె పోతేనే డబ్బిస్తాయి, లోపల వస్తువు పగిలితే ఇవ్వవు. గాజు, పింగాణీ, దేవుడి పటాలు కంపెనీవాళ్ల చేతే ప్యాక్ చేయించండి, బట్టలు మీరు కట్టుకోండి. ఇన్ని వారాల సముద్రంలో కంటైనర్ లోపల తేమ పట్టి నీటి బొట్లు రాలతాయి. బూజు పట్టడం పాలసీ మినహాయింపుల్లో ఉండేదే. పట్టుచీరల్ని, పుస్తకాల్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి సిలికా జెల్ పొట్లాలు వేయడం ఒక్కటే మందు. కంపెనీకి అంతర్జాతీయ మూవర్స్ సంఘమైన ఫిడి ఇచ్చే ‘ఫెయిమ్’ గుర్తింపు ఉందో లేదో చూడండి. అది నాణ్యత తనిఖీతో ఇచ్చేది, వెబ్‌సైట్ మీద ఊరికే వేసుకునే బొమ్మ కాదు.

ఏం పంపాలి అన్నదానికి జవాబు యూకే విషయంలో అమెరికాకంటే సంతోషకరం. అక్కడి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్, మనదీ అదే. మన మిక్సీ, తడి గ్రైండర్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నడుస్తాయి, ప్లగ్గు మారిస్తే చాలు. అక్కడి మూడు పలకల ప్లగ్గులో ఫ్యూజు ఉంటుంది, అది వస్తువు వాటేజీకి తగ్గది వేయించండి. టేబుల్‌టాప్ తడి గ్రైండర్ అక్కడ కొనాలంటే బాగా ఖరీదు, పాతదైనా పట్టుకెళ్లాల్సిన వస్తువుల్లో మొదటిది అదే. రాళ్లు తీసి విడిగా చుట్టాలి. డ్రమ్ములోనే వదిలేస్తే కుదుపులకి కొట్టుకుని డ్రమ్ము సొట్టపడుతుంది. ప్రెషర్ కుక్కర్లు, ఇనప పెనాలు, ఇత్తడి సామాను తీసుకెళ్లండి. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు కాబట్టి అడుగున ఇండక్షన్ పలక ఉన్న స్టీలువి ఎంచుకోండి. గ్యాస్ పొయ్యి వదిలేయండి. మన పొయ్యి సిలిండర్ గ్యాస్‌కి తయారైంది, అక్కడి ఇళ్లలోకి పైపులో వచ్చేది వేరే గ్యాస్. పైగా అక్కడ గ్యాస్ పని ‘గ్యాస్ సేఫ్’ నమోదు ఉన్న మనిషే చేయాలి.

మంచాలు, సోఫాలు పంపొద్దని గట్టిగా చెప్తాం. చోటు తినేస్తాయి, అక్కడి పాత ఇళ్ల ఇరుకు మెట్ల మీద తిరగవు. ఇంకో కారణం చాలామందికి తెలియనిది. 1988 నాటి బ్రిటన్ అగ్ని భద్రత నిబంధనలకి తగని సోఫాని, పరుపుని సొంతానికి వాడుకోవచ్చు గానీ వ్యాపారంగా అమ్మడానికి వీల్లేదు, అద్దె ఇంటితో పాటు ఇవ్వడానికీ వీల్లేదు. నిబంధనలకి తగినదని చూపే లేబులు లేకపోతే చారిటీ షాపులు కూడా తీసుకోవు. వదిలించుకోవాలంటే మళ్లీ మీరే డబ్బు కట్టాలి. తీసుకెళ్లి తీరాలనుకునే టేకు మంచం ఉంటే మాత్రం ఒక సౌకర్యం ఉంది. మన 60 బై 78 అంగుళాల క్వీన్ సైజే అక్కడ కింగ్ సైజు, పరుపు దొరుకుతుంది.

పెట్టెల్లో అసలు పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు అక్కడికి తీసుకెళ్లడానికి వీల్లేదు, మన దేశం నుంచి పాల, మాంస ఉత్పత్తులు సొంతానికైనా నిషిద్ధం. టీఓఆర్ ఉన్నా ఇది మారదు. నూనె పచ్చళ్లు ఓడలో వేస్తే కారి పక్క పెట్టె చీరల్ని పాడుచేస్తాయి. ఎర్రచందనం బొమ్మ చిన్నదైనా మన కస్టమ్స్ దగ్గరే ఆపుతారు. దంతం, పులిగోరు లాంటివి పంపడం రెండు దేశాల్లోనూ నేరం, జింక కొమ్ములు పంపడం మన దగ్గర నేరం. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకి ఇబ్బంది లేదు. రోజ్‌వుడ్ సామానుకి అంతర్జాతీయ నియంత్రణలున్నాయి, బరువైన వస్తువైతే ముందే అడిగి తెలుసుకోండి.

తాతల నాటి పంచలోహ విగ్రహాలు, తాళపత్రాల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులు, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు కేంద్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థలు తప్ప ఎవరూ దేశం దాటించకూడదు. పాతగా కనిపించే విగ్రహమైతే అది వందేళ్లలోపుదే అని కేంద్ర పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకుని ప్యాకింగ్ లిస్టుకి జత చేయండి. ప్యాకింగ్ రోజున గుర్తొచ్చే పని కాదిది, టికెట్లు కొన్న వారమే మొదలుపెట్టాలి. ‘పూజ గది సామాను, ఎవరు చూస్తారు’ అని ఏజెంటు అన్నా వినకండి. పట్టుబడితే కేసు సామాను యజమాని మీదే అవుతుంది.

ఓడ వెళ్లిపోయాక మిగిలినవి అమ్మానాన్నలు కొరియర్‌లో పంపుతుంటారు. అక్కడ లెక్క వేరు. 39 పౌండ్ల లోపు కానుకకి పన్ను లేదు, దాటితే వ్యాట్ పడుతుంది. మీ పాత సామానే కొరియర్‌లో వస్తుంటే, అవి టీఓఆర్ జాబితాలో ముందే ఉంటే, పార్శిల్ బుక్ చేసేటప్పుడే యూఆర్‌ఎన్ ఇచ్చి దాని కింద క్లియర్ చేయమని రాతలో చెప్పండి. చెప్పకపోతే కొరియర్ కంపెనీ మామూలు దిగుమతిగా వ్యాట్ కట్టేసి, తన హ్యాండ్లింగ్ ఫీజు కలిపి మీకు బిల్లు పంపుతుంది. ఆ డబ్బు వెనక్కి రాబట్టడం పార్శిల్‌కంటే పెద్ద పని. అందుకే టీఓఆర్ జాబితా రాసేటప్పుడు ఓడలో వెళ్లేవి, విమానంలో వెళ్లేవి, తర్వాత కొరియర్‌లో రాబోయేవి మూడూ విడి భాగాలుగా రాసి ఒకేసారి ఇవ్వండి.